టక్‌మన్నదా, టకటకలాడిందా?

సంక్రాంతికి ఊరెళ్లే రోజు. తెల్లవారుజాము నాలుగున్నర. అపార్ట్‌మెంటు సెల్లార్‌లో కారు సిద్ధంగా ఉంది. వెనక సీట్లో అత్తగారు కూర్చున్నారు, ఒళ్లో కొత్తబట్టల సంచి. పిల్లలు సగం నిద్రలో ఉన్నారు. మీరు తాళం తిప్పారు.

టక్.

మళ్లీ తిప్పారు. టకటకటకటక.

వాచ్‌మన్ వచ్చేశాడు. "తోద్దామా సార్?" పాలపాకెట్ కోసం దిగిన పక్కింటాయన ఆగి, "బ్యాటరీ అయిపోయినట్టుందండీ, మార్చేయండి" అన్నాడు. ఫోన్‌లో నాన్నగారు "సెల్ఫ్ పోయుంటుందిరా" అని తేల్చేశారు. మరి మీరేం చేస్తున్నారు? పన్నెండోసారి తాళం తిప్పుతున్నారు!

ఇది మీకెప్పుడైనా జరిగిందా? జరగకపోతే అదృష్టవంతులే. కానీ కారున్న ఇంట్లో ఎప్పుడో ఒకరోజు జరగక మానదు. అదీ త్వరగా వెళ్లాల్సిన రోజే జరుగుతుంది. ఎందుకంటే పండక్కి ముందు రెండు వారాలు మీరు మెట్రోలోనో స్కూటర్ మీదో తిరిగారు, కారు కదలకుండా పడుంది.

ఈ అధ్యాయం చదివినంత మాత్రాన మీరు మెకానిక్ అయిపోరు. ఒక్క వరస గుర్తుంటే చాలు: ముందు చెవి, తర్వాత కన్ను, ఆ తర్వాత చెయ్యి, అన్నిటికన్నా చివర పర్సు. మనలో చాలామంది ఈ వరసను తలకిందులు చేస్తాం. ముందు పర్సు తీస్తాం. నేనూ అలాగే తీశాను, ఆ కథ కాసేపట్లో చెబుతాను.

ముందు ఒక్క నిమిషం ఆగండి

తాళం తిప్పిన ప్రతిసారీ బ్యాటరీలో మిగిలిన ఆ కాస్త ఓపికా ఖర్చవుతుంది. కాబట్టి చేతిని తాళం మీద నుంచి తీసి, ఈ మూడు పనులు చేయండి.

1. ఏసీ, లైట్లు, పాటలు, ఫోన్ ఛార్జర్ అన్నీ ఆపేయండి. తలుపులు మూసేయండి.

2. గేరు చూడండి. మాన్యువల్ కారైతే న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ అడుగంటా తొక్కండి. కాలి కింద మ్యాట్ ముడుచుకుని క్లచ్ పూర్తిగా దిగక సెల్ఫ్ తీసుకోని కార్లు బోలెడు. ఆటోమేటిక్ అయితే పీ లో పెట్టి బ్రేకు గట్టిగా తొక్కండి. అప్పటికీ కాకపోతే ఎన్ లో ఒకసారి ప్రయత్నించండి.

3. ఇప్పుడు ఒక్కసారి, ఐదు సెకన్లకు మించకుండా సెల్ఫ్ కొట్టండి. మళ్లీ కొట్టాలంటే కనీసం ఒక నిమిషం ఆగండి. ఆగకుండా కొడితే బ్యాటరీతోపాటు సెల్ఫ్ మోటారు కూడా వేడెక్కి పాడవుతుంది.

"లైట్లు వెలుగుతున్నాయిగా, బ్యాటరీ బాగానే ఉంది" అని ఎవరో ఒకరు అంటారు. నమ్మకండి. మామూలు హెడ్‌లైట్ బల్బు ఒక్కోటి దాదాపు ఐదు ఆంపియర్లు తీసుకుంటుంది. సెల్ఫ్ మోటారు ఇంజన్ని కదిలించాలంటే చిన్న పెట్రోలు కారులో కూడా వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది, డీజిల్ బండైతే ఇంకా ఎక్కువ. దీపానికి సరిపడా నూనె ఉందని గారెలకు మూకుడు పెట్టం కదా!

చెవి: ఏ శబ్దం వచ్చింది?

ఇప్పుడు వేరే ఎవరినైనా సీట్లో కూర్చోబెట్టి, మీరు బానెట్ దగ్గర నిలబడండి. చున్నీ, కండువా, వదులు చేతులు ఫ్యానుకీ బెల్టుకీ దూరంగా ఉంచుకోండి. "కొట్టు" అని చెప్పి వినండి. వచ్చే శబ్దం ఈ ఐదింటిలో ఒకటి అవుతుంది.

1. టకటకటకటక. వరసగా, వేగంగా. ఇది దాదాపు ఎప్పుడూ బలం చాలని బ్యాటరీయే, లేదా బ్యాటరీకి తగిలించిన తీగ వదులై ఉంటుంది. సెల్ఫ్ మోటారు మీద చిన్న డబ్బాలాంటి సోలెనాయిడ్ ఉంటుంది. తాళం తిప్పగానే అది టక్‌మని పట్టుకుని మోటారుకు కరెంటు వదులుతుంది. నీరసపడిన బ్యాటరీ ఆ బరువు మోయలేక కూలబడగానే సోలెనాయిడ్ పట్టు వదిలేస్తుంది. బరువు దిగాక బ్యాటరీ కాస్త తేరుకుంటుంది, సోలెనాయిడ్ మళ్లీ పట్టుకుంటుంది. ఈ పట్టూవిడుపుల చప్పుడే మీకు వినిపించే టకటక.

2. టక్. గట్టిగా, ఒక్కటే. తర్వాత ఏమీ లేదు. సోలెనాయిడ్ తన పని చేసింది, మోటారు మాత్రం తిరగలేదు. సెల్ఫ్ మోటారులో కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయా, సోలెనాయిడ్ లోపలి కాంటాక్టులు మాడిపోయాయా, ఎర్త్ వైరు వదులైందా అని అనుమానించాలి. బ్యాటరీ బాగా నీరసించినా ఒక్కోసారి ఇలాగే అంటుంది. అందుకే బ్యాటరీని చూడకుండా సెల్ఫ్ విప్పించకండి.

3. గుర్ర్... గుర్ర్... టక్. మూలుగుతూ రెండు తిప్పులు తిరిగి ఆగిపోతుంది. బ్యాటరీ దిగిపోతోంది. ఇక్కడే ఆపితే, వేరే కారు బ్యాటరీ సాయంతో లేపే జంప్ స్టార్ట్‌కి సులభంగా లొంగుతుంది.

4. డాష్‌బోర్డు లోపల సన్నగా టిక్ అని, ఇంజన్ వైపు నిశ్శబ్దం. అది రిలే చప్పుడు. ఆజ్ఞ బయల్దేరింది కానీ సెల్ఫ్ దాకా చేరలేదు. ఫ్యూజు, మధ్యలో తీగ, సోలెనాయిడ్‌కి వెళ్లే చిన్న వైరు చూడాలి. సెల్లార్‌లో ఎలుకలుంటే తీగలు ముందు చూడండి. అసలు ఏ చప్పుడూ లేక, పుష్ బటన్ కారైతే రిమోట్‌లో బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. చాలా కార్లలో రిమోట్‌ని బటన్‌కి ఆనించి నొక్కితే స్టార్ట్ అవుతుంది.

5. ఇంజన్ చురుగ్గా తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు. అయితే బ్యాటరీ, సెల్ఫ్ రెండూ నిర్దోషులే. పెట్రోలు, స్పార్కు వైపు వెతకాలి. అది వేరే అధ్యాయం.

ఇంకో చిన్న చిట్కా. ఆ శబ్దాన్ని ఫోన్‌లో పది సెకన్లు రికార్డు చేసి మీ మెకానిక్‌కి వాట్సాప్‌లో పంపండి. నోటితో "టక టక అంటోంది" అని నటించి చూపే శ్రమ తప్పుతుంది!

కన్ను: గోడ మీది వెలుగు చెప్పే మాట

హెడ్‌లైట్లు వేసి, ఎదుట గోడ మీద పడుతున్న వెలుగును చూస్తూ సెల్ఫ్ కొట్టించండి.

1. వెలుగు చటుక్కున ఎర్రబడి దాదాపు ఆరిపోయిందా? బ్యాటరీలో సత్తువ లేదు, లేదా టెర్మినల్ సరిగ్గా పట్టుకోలేదు.

2. వెలుగు ఏమాత్రం తగ్గకుండా ఒక్క టక్ మాత్రమే వచ్చిందా? కరెంటు మోటారు దాకా వెళ్లడం లేదు. చూపు సెల్ఫ్ వైపు, సోలెనాయిడ్ వైపు తిప్పండి.

3. వెలుగు బాగా తగ్గింది, టక్‌మని ఒక్కసారే అన్నది, జంప్ ఇచ్చినా కదల్లేదు. మోటారు గానీ ఇంజన్ గానీ బిగుసుకుని ఉండొచ్చు. ఇక మీ ప్రయోగాలు ఆపేయండి.

ఎల్ఈడీ లైట్లలో ఈ తేడా అంతగా తెలియదు. కొన్ని కార్లు సెల్ఫ్ కొట్టేటప్పుడు హెడ్‌లైట్లను తామే ఆపేస్తాయి కూడా. అలాంటప్పుడు లోపలి క్యాబిన్ లైటు చూడండి, లేదా హారన్ కొట్టి చూడండి. హారన్ గొంతు బొంగురుపోతే జవాబు దొరికినట్టే.

తర్వాత బ్యాటరీ దగ్గరకు వంగి, టార్చి వేసి టెర్మినల్స్‌ని తీరిగ్గా చూడండి. తెల్లగా గానీ పచ్చగా గానీ బూజులాంటి పొడి పేరుకుందా? బిగింపు కింద సీసపు కొమ్ము మీద నల్లటి పొర ఉందా? నల్ల తీగ బ్యాటరీ నుంచి బయల్దేరి బాడీకి, ఇంజన్‌కి ఎక్కడ బిగించి ఉందో వెతికారా? ఆ ఎర్త్ బోల్టు దగ్గర తుప్పు ఉన్నా ఇదే రోగం. పైకి బాగున్నట్టే కనిపిస్తుంది కాబట్టి దాన్ని ఎవరూ అనుమానించరు.

బ్యాటరీ పక్కలు ఉబ్బినా, పగిలినా, యాసిడ్ కారుతున్నా అక్కడితో ఆగిపోండి. దానికి జంప్ ఇవ్వకూడదు, ఛార్జింగ్ పెట్టకూడదు.

నా పర్సు చెప్పిన పాఠం

కొన్నేళ్ల కిందట నాకూ ఇదే టకటక. ఆఫీసుకు ఆలస్యమవుతోంది. చెవీ కన్నూ పక్కన పెట్టి నేరుగా ఒక బ్యాటరీ షాపుకి ఫోన్ చేశాను. కుర్రాడు వచ్చాడు, పాతది విప్పాడు, కొత్తది పెట్టాడు. కారు లేచింది. నేనూ సంతోషించాను, వేలు పోశాను.

ఎనిమిదో రోజు మళ్లీ అదే టకటక.

ఈసారి మా వీధి చివరి ఆటో ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఏమీ విప్పలేదు. నెగటివ్ టెర్మినల్‌ని రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. తిరిగింది, సీసా మూత తిరిగినట్టు! జేబులోంచి పది నంబర్ స్పానర్ తీసి, కొమ్మును గరుకు కాగితంతో రుద్ది, ముప్పావు చుట్టు బిగించాడు. "ఇప్పుడు కొట్టండి సార్" అన్నాడు. కొట్టాను. ఒక్క సెకనులో లేచింది.

"అయితే పాత బ్యాటరీ..?" అని నసిగాను.

"బంగారంలా ఉండుంటుంది సార్, ఇంకో రెండేళ్లు నడిచేది" అన్నాడు.

మొదటిసారి కారు లేచింది కొత్త బ్యాటరీ వల్ల కాదు. దాన్ని పెట్టేటప్పుడు టెర్మినల్ కాసేపు సరిగ్గా తగిలినందువల్ల. నా దగ్గర లేనిది డబ్బు కాదు, స్పానరు. ఆ ముప్పావు చుట్టు బిగింపును నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

చెయ్యి: టెర్మినల్ శుభ్రం చేయడం

ఇది పది నిమిషాల పని. కావలసినవి పది నంబర్ స్పానర్, పాత టూత్‌బ్రష్, చెంచా వంటసోడా, గ్లాసు గోరువెచ్చటి నీళ్లు, కాస్త వాజలీన్.

1. ఉంగరం, గడియారం, గాజులు తీసి పక్కన పెట్టండి. స్పానరూ ఉంగరమూ కలిసి ప్లస్ టెర్మినల్‌కీ బాడీకీ మధ్య వంతెన కడితే, ఆ ఉంగరం క్షణంలో ఎర్రగా కాలి వేలిని కాలుస్తుంది. ఇది వినడానికి చాదస్తంలా ఉంటుంది, మెకానిక్‌ల వేళ్ల మీద మచ్చలు చూస్తే ఉండదు.

2. కారు ఆపి, ముందు నెగటివ్ విప్పండి, తర్వాత పాజిటివ్. బిగించేటప్పుడు ముందు పాజిటివ్, చివర నెగటివ్. ఈ వరస పాటిస్తే స్పానర్ పొరపాటున బాడీకి తగిలినా నిప్పురవ్వలు రావు.

3. వంటసోడా నీళ్లతో రుద్దండి. బుసబుస పొంగుతుంది, భయపడొద్దు. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకుండా చూడండి. ఆ తెల్లపొడి కంట్లో పడకూడదు, చేతులు కడుక్కునేదాకా కళ్లు నులుముకోకండి.

4. పొడిగుడ్డతో తుడిచి, బిగించి, చేత్తో తిప్పి చూడండి. ఏమాత్రం కదలకూడదు. అలాగని పళ్లు కొరుకుతూ బిగించకండి, సీసం మెత్తన. బిగించాక పైన వాజలీన్ రాయండి. ముందే రాసి బిగిస్తే ప్రయోజనం తక్కువ.

ఇప్పుడు సెల్ఫ్ కొట్టండి. చాలా కార్ల కథ ఇక్కడే సుఖాంతం అవుతుంది.

చెయ్యి: జంప్ స్టార్ట్

బిగింపు సరిగ్గానే ఉంది, టకటక ఆగలేదు. అయితే పక్కింటాయన కారు సాయం తీసుకోండి. రెండూ 12 వోల్టుల బ్యాటరీలే కావాలి. రెండు కార్లూ ఒకదానికొకటి తగలకూడదు. మొదట రెండూ ఆపి ఉంచండి. సాయం చేసేది హైబ్రిడ్ కారైతే దాని పుస్తకం చూడకుండా తగిలించకండి.

1. ఎర్ర తీగ ఒక కొస మీ బ్యాటరీ ప్లస్‌కి.
2. ఎర్ర తీగ రెండో కొస సాయం చేసే బ్యాటరీ ప్లస్‌కి.
3. నల్ల తీగ ఒక కొస సాయం చేసే బ్యాటరీ మైనస్‌కి.
4. నల్ల తీగ రెండో కొస మీ బ్యాటరీకి కాదు. మీ ఇంజన్ మీద రంగు లేని గట్టి లోహానికి, బ్యాటరీకి దూరంగా. బ్యాటరీ నుంచి మండే వాయువు వెలువడుతుంది, చివరి తగులులో వచ్చే నిప్పురవ్వ దానికి దగ్గర్లో పడకూడదు. సిగరెట్ సంగతి వేరే చెప్పాలా?
5. సాయం చేసే కారు స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచండి. తర్వాత మీది కొట్టండి.
6. లేచాక, పెట్టిన వరసకు సరిగ్గా వ్యతిరేక వరసలో తీయండి.

ఎరుపు, నలుపు తారుమారైతే ఒక్క క్షణంలో వేల రూపాయల ఎలక్ట్రానిక్స్ కాలిపోతాయి. చీకట్లో ఊహించి పెట్టకండి. ప్లస్ గుర్తును టార్చి వేసి చూడండి, వేలితో తడమండి. చవగ్గా దొరికే సన్న తీగలు కూడా మోసం చేస్తాయి. అవి వేడెక్కుతాయే గానీ సెల్ఫ్‌ని తిప్పలేవు.

చెయ్యి: తోయడం, తట్టడం

"తోద్దామా సార్?" అన్న వాచ్‌మన్‌కి ఏం చెబుతారు? మాన్యువల్ గేరు కారు, బ్యాటరీలో కాస్త ప్రాణం ఉంది, ముందు చదునైన ఖాళీ స్థలం ఉంది. ఈ మూడూ కుదిరితే "సరే" అనండి. ఆటోమేటిక్‌నీ, క్లచ్ పెడల్ లేని ఏఎంటీనీ తోసి లాభం లేదు. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయినా అంతే, పెట్రోలు పంపుకీ కంప్యూటర్‌కీ కరెంటు ఉండదు.

తాళం ఆన్‌లో ఉంచండి, లేకపోతే స్టీరింగ్ లాక్ పడుతుంది. రెండో గేరు వేసి క్లచ్ తొక్కి పట్టండి. మనిషి పరుగందుకునే వేగం రాగానే క్లచ్ చటుక్కున వదిలి, ఇంజన్ అందుకోగానే మళ్లీ తొక్కండి. ఇంజన్ లేనప్పుడు బ్రేకు రాయిలా ఉంటుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. అందుకే సెల్లార్ ర్యాంప్ మీద ఈ సాహసం చేయకండి. పిల్లల్ని ముందే దింపేయండి.

ఇక ఒక్క టక్ రోగం. వెలుగు తగ్గలేదు, టెర్మినల్స్ గట్టిగా ఉన్నాయి. సెల్ఫ్ మోటారు చేతికందే చోట ఉంటే, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఒకరు సెల్ఫ్ కొడుతుండగా మీరు చెక్కముక్కతో మోటారు ఒంటి మీద రెండు మూడుసార్లు మెల్లగా తట్టండి. అరిగిన కార్బన్ బ్రష్‌లు కాస్త కదిలి కరెంటు అందుకుంటాయి. తలుపు తట్టినట్టు తట్టాలి, కొబ్బరికాయ కొట్టినట్టు కాదు. చాలా మోటార్ల లోపల అయస్కాంతాలుంటాయి, పగులుతాయి. జాకీ మీద లేపిన కారు కిందకు మాత్రం దూరకండి. తట్టుడుతో లేచిన కారు నేరుగా ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరకే వెళ్లాలి, ఊరికి కాదు. రెండోసారి తట్టుడుకి లేస్తుందన్న హామీ లేదు.

అన్నట్టు, సెల్ఫ్ అని ఎందుకంటామో తెలుసా? ఒకప్పుడు కారు ముందు హ్యాండిల్ పెట్టి మనిషే ఇంజన్ని తిప్పేవాడు. ఛార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టరు 1912 నాటి కాడిలాక్ కార్లలో వచ్చాక, కారు తనంతట తానే లేవడం మొదలుపెట్టింది. ఆ సెల్ఫ్ స్టార్టరే మన నోట్లో సెల్ఫ్ అయింది.

ఈ ఒక్కచోట చెయ్యి పెట్టకండి

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీల్లో కార్లు మునిగిపోయాయి. అలా నీళ్లలో నిలిచిన కారు, లేదా నీళ్లలోంచి నడుపుతుండగా ఆగిపోయిన కారు, ఒక్క టక్ అని ఊరుకుంటే మళ్లీ కొట్టకండి. ఇంజన్ లోపల నీళ్లు చేరి ఉండొచ్చు. గాలిలా నీళ్లు నలగవు. బలవంతంగా తిప్పితే లోపలి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. జంప్ వద్దు, తోయడం వద్దు. ఫొటోలు తీసుకుని, ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పి, టో చేయించండి. ఇలా నీళ్లు చేరి ఇంజన్ పాడైతే మామూలు పాలసీలో సాధారణంగా డబ్బు రాదు, ఇంజన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ కావాలి. మీ పాలసీలో అది ఉందో లేదో వానాకాలం రాకముందే చూసుకోండి.

లేచింది! ఇప్పుడేం చేయాలి?

"హమ్మయ్య" అని టిఫిన్ సెంటర్ ముందు ఆపేస్తారు. ఇడ్లీ తిని వచ్చేసరికి మళ్లీ టకటక. ఈ పొరపాటు ఎంతమంది చేస్తారో! లేచిన కారుని కనీసం ముప్పావుగంట నడపండి. నిలబెట్టి పది నిమిషాలు ఆన్‌లో ఉంచితే బ్యాటరీకి చేరేది చాలా తక్కువ. బాగా దిగిపోయిన బ్యాటరీని షాపులో రాత్రంతా ఛార్జింగ్ పెట్టించడమే మేలు.

ఆ తర్వాత అసలు ప్రశ్న: బ్యాటరీ ఎందుకు దిగింది? చిన్న లెక్క వేద్దాం. చిన్న కార్లలో 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ మామూలు.

1. కారు ఆపి ఉన్నా గడియారం, అలారం వగైరాలకు 50 మిల్లీఆంపియర్ల దాకా పోతుందనుకోండి. రోజుకు 1.2 ఆంపియర్ అవర్. రెండు వారాల్లో సగం బ్యాటరీ ఖాళీ.

2. మర్చిపోయిన 5 వాట్ల డిక్కీ బల్బు రోజుకు దాదాపు 10 ఆంపియర్ అవర్ తాగేస్తుంది. మూడున్నర రోజుల్లో ఖాళీ.

3. కారు ఆపినా పనిచేసేలా తగిలించిన డాష్‌క్యామ్ 250 మిల్లీఆంపియర్లు తీసుకుంటే, ఆరు రోజులు కూడా పట్టదు.

రోజూ కూరగాయల మార్కెట్ దాకా రెండు కిలోమీటర్లు వెళ్లొస్తే బ్యాటరీ ఖర్చే తప్ప జమ ఉండదు. వారానికోసారి అరగంటైనా నడపండి. మూడు వారాలు ఊరెళుతుంటే నెగటివ్ టెర్మినల్ విప్పి వెళ్లొచ్చు. అయితే తాళంచెవితో తలుపు తెరుచుకుంటుందో లేదో ముందు చూసుకోండి.

పర్సు: ఎప్పుడు, దేనికి?

ఐదారు వందల్లో దొరికే మల్టీమీటర్ కొనండి. వేల రూపాయల నిర్ణయాన్ని అది తేలుస్తుంది.

1. రాత్రంతా ఆగిన కారులో 12.6 వోల్టులు చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉంది. 12.2 అంటే సగం. 12 కంటే తక్కువ అంటే ఆకలితో ఉంది.

2. సెల్ఫ్ కొడుతుండగా 9.6 కంటే కిందకు పడిపోతే, అదీ నిండా ఛార్జ్ చేశాక కూడా పడిపోతే, బ్యాటరీ వయసైపోయింది. ఇప్పుడు కొనండి, దిగులు లేకుండా.

3. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. కొన్ని కొత్త కార్లలో కాస్త అటూఇటూ మారుతుంది. అదేపనిగా 13 లోపే ఉంటే ఆల్టర్నేటర్ ఛార్జ్ చేయడం లేదు. అలాంటప్పుడు ఎన్ని కొత్త బ్యాటరీలు కొన్నా వారానికే దిగిపోతాయి.

4. బ్యాటరీ బాగుండి ఒక్క టక్ అంటుంటే, కొత్త సెల్ఫ్ కొనేముందు కార్బన్ బ్రష్‌లు, సోలెనాయిడ్ మార్చితే సరిపోతుందా అని అడగండి. చాలాసార్లు సరిపోతుంది.

మన ఎండలకు మూడు నాలుగేళ్లు బతికిన బ్యాటరీ బాగా బతికినట్టే. దాన్ని దెబ్బతీసేది మే నెల ఎండ, నింద పడేది జనవరి చలి మీద. మార్చేటప్పుడు తయారీ తేదీ చూడండి, వారంటీ కార్డు మీద ముద్ర వేయించుకోండి. సిగ్నల్ దగ్గర తనంతట తానే ఆగి లేచే కారైతే, దానికి చెప్పిన రకం బ్యాటరీయే పెట్టించండి. చవకని మామూలుది పెడితే త్వరగా పోతుంది.

మెకానిక్‌కి ఏం చెప్పాలి?

"అన్నా, బండి స్టార్ట్ అవ్వట్లేదు, తొందరగా రా" అంటే అతను ఖాళీ చేతుల్తో వస్తాడు, చూసి వెళ్లి మళ్లీ వస్తాడు. అలా కాకుండా ఇలా చెప్పి చూడండి:

"అన్నా, టక్ అని ఒక్కటే వస్తోంది. లైట్లు తగ్గట్లేదు. టెర్మినల్స్ బిగించాను. జంప్ ఇచ్చినా అంతే. బ్యాటరీకి రెండేళ్లు."

"అయితే సెల్ఫే సార్. బ్రష్‌లు పట్టుకుని వస్తా."

చూశారా? ఐదు ముక్కల్లో ఒక ట్రిప్పు మిగిలింది. కారు గురించి నాలుగు మాటలు తెలిసినవాళ్లతో బేరం కూడా మర్యాదగానే సాగుతుంది. జాతీయ రహదారి మీద ఆగిపోతే 1033కి ఫోన్ చేయండి. మనుషుల్ని రోడ్డు అంచుకు, అవతలికి పంపి, వెనక ఎర్ర త్రికోణం పెట్టాకే బానెట్ ఎత్తండి.

ఈ ఆదివారం ఇంటిపని

కారు బాగున్నప్పుడే ఈ నాలుగు పనులు చేయండి.

1. బానెట్ తెరిచి బ్యాటరీ, ప్లస్ గుర్తు, ఎర్త్ బోల్టు, సెల్ఫ్ మోటారు ఎక్కడున్నాయో చూడండి. దొరకకపోతే సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు చూపించమని అడగండి. సిగ్గేమీ లేదు.

2. ఆరోగ్యంగా ఉన్న మీ కారు ఎలా లేస్తుందో ఒకసారి కళ్లు మూసుకుని వినండి. మంచి శబ్దం తెలిస్తేనే చెడ్డది తెలుస్తుంది.

3. రిమోట్ లోపల దాక్కున్న తాళంచెవిని బయటికి తీసి, దానితో డ్రైవర్ తలుపు తెరిచి చూడండి.

4. పది నంబర్ స్పానర్, లావుపాటి జంపర్ తీగలు, టార్చి కొని ఒక సంచిలో పెట్టండి. ఆ సంచిని డిక్కీలో మాత్రం పెట్టకండి, సీటు కింద పెట్టండి. ఎందుకంటారా? చాలా కార్ల డిక్కీ కరెంటుతోనే తెరుచుకుంటుంది. బ్యాటరీ చచ్చిన రోజు, దాన్ని బతికించే తీగలు తలుపు అవతల భద్రంగా ఉంటాయి!